చీటీ మీద ఇచ్చిన విత్తనం

చెరకు గెడను కత్తితో నిలువునా చీలిస్తే లోపల తెల్లగా ఉండాలి. ఎర్రగా ఉండి, ఆ ఎరుపులో అడ్డంగా తెల్లటి మచ్చలు కనిపించి, పులిసిన కల్లు వాసన వేస్తే అది ఎర్రకుళ్ళు. అలాంటి తోటలోంచి ఒక్క గెడ కూడా విత్తనానికి తీయకూడదు. ఈ సంగతి నాకు పదేళ్ళ వయసులోనే మా నాన్న చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, చీల్చిన గెడ ఒకటి నా ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూపించాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో రోడ్డు దిగి, కాలవ గట్టు మీద కొంత దూరం నడిస్తే మా భూమి. ఎకరం డెబ్భై సెంట్లు. మా తాతకి ఐదెకరాలుండేది, మా నాన్నకి మూడున్నర వచ్చింది, నా వాటాకి ఇది మిగిలింది. ఇంకో రెండు తరాలు పోతే పడక కుర్చీ వేసుకునేంత చోటు ఉంటుందని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఆవిడ ఎగతాళి చేసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, లెక్క తప్పు కాదు గనక ఇంకా ఎక్కువ వస్తుంది.

రైతుకి అప్పు పుట్టడం లేదని పేపర్లో రాస్తుంటారు. నా అనుభవంలో అప్పు పుట్టింది. అది పుట్టే రోజు నా చేతిలో లేదు, అంతే. చెరక్కి రెండో దఫా ఎరువు వెయ్యవలసిన వారం ఒకటి ఉంటుంది. ఆ వారం దాటితే ఎంత వేసినా గెడ లావెక్కదు. ఒక ఏడాది నాకు బ్యాంకు డబ్బు ఆ వారం దాటిన నెలకి వచ్చింది. పక్క చేను వాడు చేబదులు తెచ్చి సమయానికి వేశాడు. రెండు తోటల మధ్య ఒక్క గట్టే అడ్డం. నా గెడ బొటనవేలంత, వాడి గెడ మణికట్టంత. నేను వాడికన్నా చేతకానివాణ్ణని ఊళ్ళో అనుకున్నారు, కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

ఆ మరుసటి ఏడాది ఆ అవమానం పడలేక మా ఆవిడ మెడలో గొలుసు తీసుకెళ్ళి చోడవరం బ్యాంకులో పెట్టాను. పంట మీద తీర్చేస్తానన్నాను. పంట వచ్చింది, గొలుసు రాలేదు. వడ్డీ కట్టి తిరగరాయించాను. మరుసటి ఏడాదీ అంతే. మేము క్రైస్తవులం. మా ఆవిడ రెండేళ్ళపాటు బోసి మెడతో మందిరానికి వచ్చింది. పైట చెంగు మెడ చుట్టూ తిప్పుకుని, చలి వేస్తోందని చెప్పేది. మే నెలలో కూడా అదే మాట చెప్పేది. ఎవరూ నమ్మలేదు, ఎవరూ ఆవిణ్ణి మళ్ళీ అడగలేదు.

మా సొసైటీలో చెరకు అప్పు ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. మొత్తం డబ్బు ఒకేసారి చేతికివ్వరు. దుక్కికి మొదటి విడత ఇస్తారు. విత్తనానికి మాత్రం డబ్బు కాకుండా ఒక చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని సొసైటీ చూసి ఎంచిన విత్తన రైతు దగ్గరికి వెళ్ళాలి. అతను గెడలు ఇస్తాడు, ఖరీదు అతని ఖాతాలో పడుతుంది, అదే మొత్తం తీసుకున్నవాళ్ళ అప్పులో చేరుతుంది. నాటినట్టు గుమస్తా వచ్చి చూసి వెళ్ళాక ఎరువుకి రెండో విడత. చీటీకి గడువు పదిహేను రోజులు. గడువు దాటితే చీటీ చెల్లదు, రెండో విడత ఉండదు. ఆ పద్ధతి చెడ్డదని నేననను. విత్తనానికని తీసుకున్న డబ్బుతో పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, అందులో మా పెదనాన్న ఒకడు.

ఆ ఏడాది విత్తన రైతుల జాబితాలో నా పేరు చేరింది. నవంబరులో వ్యవసాయాధికారి వచ్చి తోట నాలుగు మూలలా తిరిగి, నాలుగు గెడలు చీల్చి చూసి, బాగుందని రాసుకుని వెళ్ళాడు. నిజంగానే బాగుంది. బెల్లం వండి అమ్మితే వచ్చేదానికన్నా విత్తనానికి అమ్మితే ఎక్కువ వస్తుంది. పైగా గానుగ దగ్గర పడిగాపులు, పొయ్యి దగ్గర మాడడం ఉండవు. ఈసారి గొలుసు ఇంటికొస్తుందని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

జనవరి ఆఖరులో ఒక ఉదయం తోటలో ఎండుటాకు తీస్తుంటే ఒక దుబ్బులో పై ఆకులు పసుపు తిరిగి కనిపించాయి. గెడ ఒకటి విరిచి చీల్చాను. ఎర్రగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే వాసన తెలిసింది. రెండు గజాల అవతల ఇంకో దుబ్బు కూడా అలాగే ఉంది. ఆ రెండు దుబ్బుల్నీ వేళ్ళతో సహా తవ్వి, ఎండుటాకు పోగేసి కాల్చాను. చేతులు కాలవలో కడుక్కుని ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. మా ఆవిడ అడిగితే చెత్త కాల్చానని చెప్పాను.

ఒక్క దుబ్బులో కనిపించినా ఆ మడి మొత్తం విత్తనానికి పనికిరానట్టే లెక్కని రైతుల మీటింగులో అధికారి మాకు గట్టిగా చెప్పాడు. పైకి బాగున్న గెడలో కూడా లోపల తెగులు దాగి ఉంటుందని, మందు నీళ్ళలో ముంచినా చావదని కూడా చెప్పాడు. నేను ముందు వరసలోనే కూర్చుని విన్నాను. ఇప్పుడు వెళ్ళి చెబితే జాబితాలో నా పేరు కొట్టేస్తారు. ఆ వారమే బ్యాంకు నుంచి కాగితం వచ్చింది, మార్చి ఆఖరులోగా విడిపించుకోకపోతే గొలుసు వేలం వేస్తామని. మిగతా తోటంతా నిగనిగలాడుతోంది కదా, రెండు దుబ్బులే కదా, అవీ తీసేశాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను ఇతరులతో వాదించినప్పుడు ఓడిపోతుంటాను గానీ నాతో వాదించుకున్నప్పుడు ఎప్పుడూ గెలుస్తాను.

చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు నా అంత రైతులు. వాళ్ళిద్దరూ గడువు ముగిసేలోపు దుక్కి అవక, చీటీ వదిలేసుకున్నారు. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళు అదృష్టవంతులు. మూడో మనిషి మా మందిరానికి వచ్చే ఒక ఆడమనిషి. నాకన్నా పదేళ్ళు చిన్న. నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది. ఆవిడ భర్త విశాఖపట్నంలో తాపీ పని చేస్తూ శనివారాలు ఇంటికొచ్చేవాడు. సొంత భూమి లేదు. పట్నంలో ఉండే ఒక రిటైరైన ఉద్యోగి ఎకరం భూమిని ఆవిడ ఎనిమిదేళ్ళుగా కౌలుకి చేస్తోంది.

కౌలు చేసేవాళ్ళకి సొసైటీలో అప్పు కావాలంటే కౌలు కార్డు కావాలి, కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానులకి భయం. ఆవిడ ఆ సంతకం కోసం రెండేళ్ళు బస్సెక్కి పట్నం తిరిగింది. ఆఖరికి మా పాస్టరుగారిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ యజమాని గుమ్మంలో కూర్చుని సంతకం తెచ్చుకుంది. అంతకుముందు ఆవిడ బెల్లం షావుకారి దగ్గర పంటకి ముందే డబ్బు తీసుకునేది. బెల్లం అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. సొసైటీ అప్పు ఆవిడ పేరు మీద పుట్టిన మొదటి అప్పు. మొదటి విడత చేతికి వచ్చిన రోజు ఆవిడ మందిరం మెట్ల మీద అందరికీ బెల్లం ముక్కలు పంచింది. నేనూ ఒకటి తిన్నాను.

ఆవిడ గడువుకి మూడు రోజుల ముందు ఇద్దరు కూలీలతో మా తోటకి వచ్చింది. గెడ పైభాగం కోసి, మూడేసి కళ్ళు ఉండేలా ముక్కలు చెయ్యాలి. వాటిని మేము ముచ్చెలంటాం, అవే చాళ్ళలో పాతే విత్తనం. ఆ రోజంతా నేను అక్కడే నిలబడ్డాను. సాయం చేస్తున్నట్టు గెడలు అందిస్తూ, అనుమానంగా ఉన్నవాటిని పక్కకి తోస్తూ ఉన్నాను. నాలాంటి పెద్దమనిషి కూలీల పక్కన నిలబడి పని చెయ్యడం చూసి ఆ ఇద్దరు కూలీలూ నవ్వుకున్నారు.

మధ్యలో ఆవిడ ఒక ముచ్చె చేతిలో పట్టుకుని కోసిన వైపు చూసింది.

"బాగానే ఉన్నాయి గదా అన్నయ్యా?" అంది.

"నా తోటలో ఇత్తనానికి వంకేటమ్మా," అన్నాను.

ఆవిడ ఆ ముచ్చెను బుట్టలో వేసింది. సాయంత్రానికి ట్రాక్టరు తొట్టె నిండింది. చీటీ నా చేతికిచ్చి నమస్కారం పెట్టి వెళ్ళింది. నేను మర్నాడే ఆ చీటీ సొసైటీలో ఇచ్చేశాను. డబ్బు ఖాతాలో పడ్డ మూడో రోజుకి గొలుసు మా ఇంటికొచ్చింది. మా ఆవిడ అద్దం ముందు నిలబడి వేసుకుని, చాలాసేపు చెయ్యి మెడ మీంచి తీయలేదు. నాకూ సంతోషమే కలిగింది. ఈ ఒక్క మాట రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

డబ్బు సమయానికి అందితే చిన్న రైతు ఏం చెయ్యగలడో ఆ ఏడాది ఆవిడ చేలో చూశాను. రెండో విడత ఆలస్యం కాకుండా వచ్చింది. ఎరువు వెయ్యవలసిన వారంలోనే వేసింది. కలుపు ఒకసారికి రెండుసార్లు తీయించింది. పాత మోటారు బాగు చేయించి, నీళ్ళు వంతు ప్రకారం కాకుండా మొక్క ప్రకారం పెట్టింది. జూన్ వచ్చేసరికి ఆ తోట మా తోటల్లో దేనికీ తీసిపోకుండా లేచింది. ఎనిమిదేళ్ళుగా బక్కచిక్కిన తోటలు పండించి, మా అందరిచేతా చేతకానిదనిపించుకున్న మనిషి ఆవిడే. చెయ్యి అదే, భూమి అదే. ఆ దారిన సైకిలు మీద వెళ్తూ కాలు ఆన్చి చూసేవాణ్ణి. తెగులు తప్పిపోయిందేమోనని ఆశ పడేవాణ్ణి.

మా మందిరంలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలకని కాసేపు ఉంటుంది. దేవుడు తనకి చేసిన మేలేదో ఎవరైనా లేచి నలుగురి ముందు చెప్పుకోవచ్చు. జ్వరం తగ్గిందని, గేదె ఈనిందని, ఉద్యోగం వచ్చిందని చెబుతారు. జూన్ నెలలో ఒక ఆదివారం ఆవిడ ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. ఎప్పుడూ మాట్లాడే మనిషి కాదు. పైట రెండు చేతులతో పట్టుకుని చెప్పింది.

"దేవునికి స్తోత్రం. నాకు కార్డు వొచ్చింది, నా పేరు మీద అప్పు వొచ్చింది. ఇన్నాళ్ళూ షావుకారు కాడ నిలబడేదాన్ని, ఇప్పుడు సొసైటీలో కుర్సీ ఏసి కూకోమంటన్నారు. తోట బాగా లేసింది. సంతకం పెట్టినోరికి, మంచి ఇత్తనం ఇచ్చిన అన్నయ్యకీ దేవుడు మేలు సెయ్యాల."

అందరూ ఆమెన్ అన్నారు. మా ఆవిడ అటు వరసలోంచి నా వైపు తిరిగి గర్వంగా చూసింది. మెడలో గొలుసు కొత్తగా మెరుగు పెట్టించుకుంది. లేచి బయటికి వెళ్తే బాగుండదని కూర్చున్నాను. నేను కూడా ఆమెన్ అన్నాను.

ఆగస్టులో వానలు పడ్డ రెండు వారాలకి ఆవిడ మా ఇంటికి వచ్చి, ఒకసారి తోట చూడమంది. వెళ్ళాను. నడుస్తున్నంతసేపూ ఏం చూడబోతున్నానో నాకు తెలుసు. తోట నడిమధ్య పది పన్నెండు దుబ్బులు పసుపు తిరిగి వాలి ఉన్నాయి. ఆవిడ కత్తి ఇచ్చింది. ఆవిడ ఎదురుగానే గెడ చీల్చాను.

"ఇదేటన్నయ్యా?" అంది.

"ఎర్రకుళ్ళమ్మా. పైనున్న సేలల్లోంచి వాన నీటిలో కొట్టుకొచ్చుంటాది," అన్నాను.

మొదటిసారి అబద్ధం గొలుసు కోసం ఆడాను. రెండోసారి ఎందుకాడానో నాకు సరిగ్గా తెలియదు. మొహం చెల్లక ఆడాననుకుంటాను. ఆవిడ నా మాట నమ్మి పై చేల వైపు గట్లు ఎత్తు చేయించింది, దానికి కూలి పెట్టింది. పాడైన దుబ్బులు ఓపిగ్గా తవ్వి కాల్చింది. వారానికి ఇంకో పది దుబ్బులు వాలేవి. నాలుగు నెలలు ఆవిడ ఆ తోట వెనకాల తిరిగింది. జనవరిలో నరికేసరికి సగానికి సగం పోయింది. మిగిలింది గానుగకి తెచ్చి వండితే పాకం గట్టిపడలేదు. తెగులు గెడ రసం అంతే, ఎంత కాచినా దిమ్మ కట్టదు. నల్లగా, మెత్తగా ఉన్న ఆ బెల్లం అనకాపల్లి మార్కెట్టులో అడిగిన నాథుడు లేడు. చివరికి పశువుల దాణాకని ఎవరో తీసుకెళ్ళారు.

నా తోటలో, నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి పంట కూడా ఆ ఏడాది అలాగే పోయింది. మోళ్ళు దున్నించి వరి వేశాను. మా ఇద్దరికీ సమానంగా పోయిందని చెప్పుకుందామంటే నాకు భూమి మిగిలి ఉంది, గొలుసు ఇంట్లో ఉంది.

మార్చిలో ఇక ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆదివారం మధ్యాహ్నం. ఆవిడ వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. పీట వేసింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. జనవరిలో రెండు దుబ్బులు చూశానని, తవ్వి కాల్చానని, తెలిసే ఇచ్చానని, వాన నీళ్ళ మాట అబద్ధమని, నన్ను క్షమించమని చెప్పేశాను. ఆవిడ పిక్కలు తీయడం ఆపలేదు.

"నాటిన్నాడు మూడు ముచ్చెల్లో ఎరుపు సూసేనన్నయ్యా," అంది.

మరి ఎందుకు నాటేవని అడిగాను.

"అది సీటీకి ఆకరి రోజు. ఇత్తనం తిప్పి పంపితే సీటీ పోద్ది, రెండో ఇడత రాదు. మళ్ళీ కార్డు, మళ్ళీ సంతకం, మళ్ళీ పట్నం... ఆ మూడూ పారీసేను. మిగతాయి బాగున్నాయి గదా అనుకున్నాను." ఒక పిక్క వేలితో విదిలించింది. "అన్నయ్య సూడకుండా ఇస్తాడేటి, అని కూడా అనుకున్నాను."

నేను నాతో వాదించుకున్న మాటలే ఆవిడ తనతో వాదించుకుంది. ఒకే విత్తనం, అవే రోజులు. నాకు మార్చి ఆఖరు, ఆవిడకి పదిహేనో రోజు. ఇద్దరం కళ్ళతో చూసి, ఇద్దరం పాతిపెట్టాం. కానీ ఆవిడ సగం నమ్మింది నా మొహం చూసి. మొహం చూసి నమ్మడానికి నాకు మాత్రం ఎవరూ లేరు, నాకు అంతా తెలుసు.

"చమాపన ఎందుకన్నయ్యా నాకు, అది దేవుణ్ణి అడుగు," అంది. "నాకు జామీను గావాల."

విషయం ఇదీ. అప్పు గడువు దాటిపోతోంది. భూమి ఉన్న సభ్యుడెవరైనా జామీను సంతకం పెడితే సొసైటీ ఇంకో రెండేళ్ళు వాయిదా వేస్తుంది. అప్పుడు ఆవిడ బాకీదారుల జాబితాలో ఉండదు. బాకీ ఉందని తెలిస్తే భూమి యజమాని కార్డు మీద మళ్ళీ సంతకం పెట్టడు, భూమి కూడా ఇవ్వడు. మా వైపు కౌలు ఉగాదికి మారుతుంది. ఉగాదికి పది రోజులుంది.

అక్కడికక్కడే సరేననవలసింది. నేను ఏమన్నానంటే, ఇంట్లో ఒక మాట అడిగి చెబుతానన్నాను. ఆవిడ కట్టలేకపోతే ఆ బాకీ నా ఎకరం డెబ్భై మీద పడుతుందన్న ఆలోచన నా నోటికన్నా ముందు పరిగెత్తింది. క్షమించమని అడగడానికి ఏడాది పట్టినవాడికి లెక్క వేసుకోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

ఆ రోజు మా ఆవిడకి ఏమీ చెప్పలేదు. మర్నాడు రోలుగుంటలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనుకోని చుట్టరికం. రెండు రోజులు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చాక కూడా ఇంకో రోజు గడిపి, ఆఖరికి మా ఆవిడకి మొత్తం చెప్పాను, గొలుసు సంగతితో సహా. ఆవిడ చెయ్యి మెడ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"నాలుగు రోజులు తిన్నావా దీనికి?" అంది. "మజ్జిలో నన్నడగాలని ఆ మనిసికి ఎందుకు సెప్పేవు? నాను అడ్డమొచ్చేననుకోదేటి? ముందెల్లి సంతకం పెట్టు. తరవాత నీతో మాటాడతాను."

ఐదో రోజు ఉదయం పాసుపుస్తకం పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే ఎదురొచ్చింది. నా చేతిలో పుస్తకం చూసింది.

"అక్కర్నేదన్నయ్యా. నిన్న పట్నం నుంచి ఫోన్ సేసేరు. సొసైటీలో కనుక్కున్నారంట, బాకీ ఉన్నాదని సెప్పేరంట. భూమి సరుగుడుకి ఇచ్చీసేరు, నాలుగేళ్ళకి," అంది. తర్వాత లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఇచ్చిన నీళ్ళు తాగాను. పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మా ఆవిడ నాతో మాట్లాడడానికి చాలా రోజులు పట్టింది. గొలుసు మాత్రం మళ్ళీ మందిరానికి వేసుకురాలేదు. అమ్మి ఆ మనిషి బాకీ కట్టేద్దామని తనే అంది. నేను వెళ్ళి ఆ మాట చెబితే ఆ మనిషి, వదిన మెడలోది నాకెందుకని పంపేసింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు ఆవిడ జీడిపిక్కల కార్ఖానాలో పనికి వెళ్తోంది. ఆ పని వల్ల వేళ్ళ చివర్లు నల్లగా కాలి ఉంటాయి. కూలి డబ్బులు అందిన వారంలో సొసైటీకి వచ్చి ఎంతో కొంత కడుతుంది. నాటడానికి భూమి లేని మనిషి పంట అప్పు కడుతోంది. ఆ అప్పులో మొదటి దుక్కి ఉంది, ఎరువు ఉంది, అన్నిటికన్నా ముందు నేను ఇచ్చిన గెడల ఖరీదు ఉంది.

పోయిన నెల నేను ఎరువు కోసం సొసైటీకి వెళ్తే వరసలో ఆవిడ నా ముందు ఉంది. నేను వరస పక్కనుంచి గుమస్తా వైపు వంగి, ఆవిడకి వినబడకుండా, మిగతాది ఎంతుందో చూసి నా ఖాతాలో రాసెయ్యమన్నాను. గుమస్తా గొంతు తగ్గించే మనిషి కాదు. "ఆయమ్మ బాకీ తమరు కడతారేటండీ?" అన్నాడు. వరసలో అందరూ తిరిగి చూశారు. ఆవిడ కూడా తిరిగింది.

"ఒద్దన్నయ్యా," అంది. కోపంగా అనలేదు. "నా పేరు మీద పుట్టిన అప్పు ఇదొక్కటే. నా సేతితో తీరితే నా పేరు బాగుంటాది, మళ్ళీ ఎవుల్నైనా భూమి అడగొచ్చు. అడుగుతాను కూడాను." కౌంటరు మీద డబ్బు పెట్టి, గుమస్తా లెక్కపెడుతుంటే చూస్తూ, అదే గొంతుతో అంది. "ఇత్తనం మాత్రం నీ కాడ తీసుకోను."

రసీదు చేతిలోకి తీసుకుని, అక్షరం అక్షరం చదువుకుని, మడిచి కొంగున కట్టుకుని మెట్లు దిగి వెళ్ళింది. గుమస్తా తర్వాత ఎవరని పిలిచాడు. నేను ముందుకి జరిగాను.